వంగతోటలకు పురుగుల బాధ: మొక్క స్వభావమును, వాతావరణమును ఎట్లు కారణములగుచున్నవో తెలుపు వివరణము

బాగాయతు భూములుగల రైతులకు వంగతోట తరచుగా చేతికి రొక్కము నిచ్చు పంట. నారు నాటిన సుమారు రెండు నెలలకు కాయలు కోతకు వచ్చి, తరువాత కొన్ని నెలలవరకు వారమునకు ఒకటి రెండు కోతలు లభించును. నిత్యభోజనమునకును శుభకార్యములకును వంకాయ వాడుకలో నున్నందున అంగడిలో గిరాకి లేని దినము అరుదు. అయినను ఈ పంటను నమ్మి నష్టపోయిన రైతులు అనేకులు. నష్టమునకు ముఖ్యకారణము పురుగులు. బుట్టలో నిగనిగలాడుచున్న కాయను కోసి చూచినచో లోపల పురుగును దాని మలమును కనబడుట యెల్లరు నెరిగినదే. అట్టి కాయకు వెల లేదు. దానిని పెంచుటకైన ఎరువు, నీరు, కూలి అన్నియు వ్యర్థములు. తొలుచు పురుగు విజృంభించిన తోటలలో సగమునకు మించిన కాయలు చెడిపోయిన సందర్భములును కలవు.

ఒకే గ్రామమున, ఒకే విధమైన నేలలో ఇద్దరు రైతులు వంగ వేయుదురు. ఒకరి తోటలో మొవ్వులు వ్రాలి కాయలు పుచ్చిపోవును. రెండవవారి తోటలో బాధ స్వల్పముగా నుండును. ఒక సంవత్సరము ఆకులు దోనెలవలె పైకి ముడుచుకొని అంచులు మాడును. మరుసటి సంవత్సరము అదే చేనిలో ఆ బాధ కానరాదు. దీనిని దైవయోగమని కొందరును, మందు కల్తీయని కొందరును తలచుచుందురు. పరిశీలించి చూచినచో ఈ భేదములకు రెండు మూలకారణములు కనబడుచున్నవి. మొదటిది మొక్క స్వభావము, అనగా ఆకుమీది నూగు, కొమ్మ గట్టిదనము, కాయ ఆకారము, ముచ్చిక బిగువు, గుజ్జులోని రుచి మొదలగునవి. రెండవది వాతావరణము, అనగా ఎండ, చలి, మబ్బు, వాన, గాలిలోని తేమ. మొదటిది విత్తనము ఎన్నుకొనునప్పుడు రైతు చేతిలో నున్నది. రెండవది ఎవరి చేతిలోను లేదు; అయినను దానిని గుర్తెరిగి తగిన కాలమున నాటుటయు, తగిన సమయమున తోటను చూచుకొనుటయు రైతు చేతిలోనివే.

1. వంగకు ముఖ్య శత్రువులు

వంగపై అనేక జాతుల పురుగులు బ్రదుకుచున్నను, రైతు ముఖ్యముగా గుర్తింపవలసినవి కొన్నియే.

మొవ్వును కాయను తొలుచు పురుగు అన్నిటికంటె గొప్ప శత్రువు. శాస్త్రజ్ఞులు దీనికి 1854లో ల్యూసినోడెస్ ఆర్బొనాలిస్ అను పేరు పెట్టిరి. దీని తల్లి చిన్న తెల్లని రెక్కల పురుగు; రెక్కలపై గోధుమ, గులాబి వర్ణపు మచ్చలుండును. ఇది పగలు ఆకుల మాటున నణగియుండి రాత్రివేళ ఆకుల అడుగుభాగమునను, లేతమొవ్వులపైనను, మొగ్గలమీదను, ముచ్చికలమీదను గ్రుడ్లు పెట్టును. గ్రుడ్డునుండి వెడలిన పిల్లపురుగు కొద్ది గంటలలోనే మొవ్వులోనికో కాయలోనికో దూరును. కాయ లేని దినములలో మొవ్వును తొలుచును; అప్పుడు మొవ్వు వాడి వ్రాలును. కాయలు దిగిన పిమ్మట ఎక్కువగా కాయనే ఆశ్రయించును.

పచ్చదోమ ఆకు అడుగున చేరి రసము పీల్చును. ఆకుల అంచులు పసుపువన్నె తిరిగి పైకి ముడుచుకొని, పిమ్మట ఎర్రబారి మాడినట్లగును. తెల్లదోమ, పేనుబంక, ఎర్రనల్లి కూడ రసము పీల్చునవే. అక్షింతల పురుగు ఆకుపై పచ్చదనమును గీకి తిని, ఈనెలను మాత్రము జల్లెడవలె విడుచును.

దీపపుపురుగుల జాతిలో వేరొకటి వెర్రి తెగులును ఒక మొక్కనుండి మరియొక మొక్కకు చేర్చును. ఈ తెగులు సోకిన మొక్క ఆకులు మిక్కిలి చిన్నవై గుబురుగా పుట్టి, పూత కాపు లేక గొడ్డుపోవును. ఇది ఒక మొక్కనుండి మరియొక దానికి సంక్రమించునని కోయంబత్తూరునందలి పరిశోధకులు 1939లో ప్రకటించిరి. చాలకాలము దీనికి కారణము వైరసు అని తలంపబడెను. 1967లో జపానుదేశపు శాస్త్రజ్ఞులు ఇట్టి తెగుళ్లకు గోడలేని అతిసూక్ష్మజీవులు కారణమని కనుగొనిరి.

2. ఆకుమీది నూగు

వంగ ఆకును వ్రేళ్లతో తడవి చూచినచో కొన్ని రకములు గరుకుగను, కొన్ని నున్నగను తోచును. ఈ గరుకుదనము ఆకుపైగల నూగువలన కలుగుచున్నది. వంగనూగు ఒంటి వెండ్రుకవలె నుండక, చిన్న కాడమీద నక్షత్రమువలె నలుదెసల చీలియుండును.

పచ్చదోమకు ఈ నూగు పెద్ద అడ్డు. ఆడ పచ్చదోమ తన గ్రుడ్లను ఆకు ఈనెల కండలో గ్రుచ్చి పెట్టును. ఈనెలపై నూగు పొడవుగను దట్టముగను నిలిచియున్న యెడల దాని గ్రుచ్చుసాధనము కండను చేరుట కష్టము. పుట్టిన పిల్లలకును ఆ నూగు నడుమ నడచుటయు, నోటిని ఆకునకు ఆనించి రసము పీల్చుటయు కష్టమే. కావున నూగు దట్టముగానున్న రకములలో పచ్చదోమ బాధ తక్కువగను, నున్నని రకములలో ఎక్కువగను కనబడుచున్నది.

ఇది విని నూగుగల రకమే సర్వవిధముల మేలని తలపరాదు. తెల్లదోమకు అదే నూగు ఆశ్రయము. తెల్లదోమ తన గ్రుడ్లను ఆకు అడుగుపొరపై నూగు నడుమ పెట్టును. అచ్చట గాలి తగులక తేమ నిలుచును. పురుగులను తినెడి చిన్న మిత్రపురుగులకును దట్టమైన నూగులో సంచరించుట కష్టము. ఒకే గుణము ఒక శత్రువునకు తలుపు మూసి మరియొకదానికి తలుపు తెరచుచున్నది. కావున రైతు తన గ్రామమున ఏ పురుగు ఏటేట ఎక్కువ నష్టము చేయుచున్నదో ముందుగా తెలిసికొని దానికి తగిన రకమును ఎన్నుకొనవలెను. చుట్టును ప్రత్తి, బెండ విస్తారముగా వేయు గ్రామములలో పచ్చదోమ బాధ హెచ్చు. ఏలయన ఆ పైరులును దానికి ఆహారమే. ప్రత్తి ముదిరి ఆకు ఎండగానే అది పచ్చగానున్న వంగతోటకు తరలివచ్చును. అట్టిచోట నూగుగల రకము మేలు. తెల్లదోమ ప్రబలియుండు చోట అతినూగు రకమును విడుచుట మంచిది.

ముండ్ల వంగ రకములకు పురుగు రాదను నమ్మకము కొందరిలో కలదు. ముల్లు మేకను అడ్డగించునేమో గాని, ఆవగింజకంటె చిన్నదైన పిల్లపురుగు ముల్లునకును ముల్లునకును నడుమ నిరాటంకముగా నడచిపోవును. రక్షణ నిచ్చునది ముల్లు కాదు, కండలోని గట్టిదనము.

3. కొమ్మ గట్టిదనము

తొలుచు పురుగు మొవ్వులోని మెత్తని దవ్వను తిని బ్రదుకును. దవ్వ ఎక్కువగానుండి, చుట్టునున్న నారపోగులు పలుచగా నున్న కొమ్మ దానికి అనుకూలము. నారపోగులు ఒకదానినొకటి అంటి వలయమువలె నేర్పడి, వాటి కణముల గోడలు చేవదేరి, నడుమ దవ్వ సన్నగానున్న రకములలో పిల్లపురుగు లోనికి పోవుట కష్టము. పోయినను తగిన ఆహారము దొరకదు. ఇట్టి రకములలో మొవ్వులు వ్రాలుట తక్కువ. ఒక లేతకొమ్మను అడ్డముగా కోసి, నడుమ దవ్వ ఎంత యున్నదో చూచి రైతు ఈ భేదమును కొంతవరకు తానే గ్రహింపవచ్చును.

ఈ గుణము విత్తనముతోపాటు ఎరువుపైనను ఆధారపడియున్నది. నత్రజని ఎరువు అధికముగా వేసి, నీరు వెంటవెంట పెట్టిన మొక్కలు నల్లపచ్చగా, నవనవలాడుచు పెరుగును. అవి కంటికి ఇంపుగా నుండును గాని, వాటి మొవ్వులు మెత్తన, రసము సమృద్ధి. తొలుచు పురుగునకును పచ్చదోమకును అంతకంటె కావలసిన దేమి? గట్టి రకమును తెచ్చి యూరియా మితిమీరి చల్లిన రైతు విత్తనము ఇచ్చిన రక్షణను ఎరువుతో పోగొట్టుకొన్నవాడగును. కావున పశువుల ఎరువు సమృద్ధిగా వేసి, నత్రజనిని భూసారపరీక్ష ననుసరించి రెండు మూడు దఫాలుగా వేయవలెనే గాని ఒక్కసారిగా వేయరాదు.

4. కాయ ఆకారము, ముచ్చిక, గుజ్జు

పిల్లపురుగు కాయలోనికి దూరు మార్గము తరచుగా ముచ్చిక క్రిందనే యుండును. ముచ్చిక వదులుగానుండి కాయకును దానికిని నడుమ సందున్న యెడల పిల్లపురుగు అచ్చట దాగి నెమ్మదిగా లోనికి తొలుచుకొని పోవును. ఆ సన్నని రంధ్రము కాయ పెరుగుటతో పూడిపోవును. అందువలననే లోపల పురుగున్నను కాయ పైకి నిర్దోషముగా కనబడును. పిమ్మట కనబడెడి పెద్ద రంధ్రము పురుగు లోపలికి పోయినది కాదు. పెరిగి బయటికి వచ్చినది. ముచ్చిక కాయను బిగువుగా అంటియున్న రకములలో ఈ ప్రవేశము కష్టము.

సన్నని పొడవుకాయల రకములకంటె పెద్ద గుండ్రని కాయల రకములలో పుచ్చు సాధారణముగా ఎక్కువ. తోలు మందముగానుండుటయు, గింజలు దగ్గర దగ్గరగా నిండియుండి గుజ్జు తక్కువగానుండుటయు పురుగునకు ప్రతికూలములు. ఇచ్చట రైతునకు ఒక చిక్కు కలదు. అంగడిలో కొనువారు కోరునది పలుచని తోలు, తక్కువ గింజలు, మెత్తని తియ్యని గుజ్జు. పురుగు కోరునదియు సరిగా అదే. మనుష్యుని నాలుకకు రుచియైన కాయ పురుగునకును రుచియే.

రుచి విషయమున మరియొక సంగతి గలదు. వంకాయను కోసి గాలికి విడిచిన కొంతసేపటికి నల్లబడునని గృహిణులెల్ల రెరుగుదురు. అందుచేతనే ముక్కలను ఉప్పునీటిలో వేయుదురు. కాయలోని ఫినాలు అను వగరు పదార్థములు గాలితో కలిసి మారుటవలన ఈ నలుపు కలుగుచున్నది. పురుగు కొరికిన చోటను ఇదియే జరిగి ఆ భాగము పురుగునకు అహితమగును. ఫినాలులును, సొలసొడిను అను చేదు పదార్థమును ఎక్కువగానున్న రకములలో పురుగు బాధ తక్కువగను, చక్కెర పదార్థములు ఎక్కువగానున్న రకములలో బాధ హెచ్చుగను పరిశోధకులు కనుగొనిరి. ఉస్తి మొదలగు వంగజాతి అడవిమొక్కలు చేదు గలిగియుండి తొలుచు పురుగునకు లోబడకుండుటకు ఇదియు నొక కారణము. వేలయేండ్లుగా మనుష్యులు చేదు తక్కువైన కాయలనే ఎన్నుకొని విత్తనము కట్టుచు వచ్చినందున, రుచి పెరిగి రక్షణ తగ్గినది.

సాగులోనున్న రకములలో తొలుచు పురుగు బొత్తిగా సోకని రకము లేదు. అట్టిదని చెప్పి విత్తనము అమ్మువారి మాట నమ్మరాదు. పురుగునకు విషమగు జన్యువును చేర్చిన బీటీ వంగకు 2009 అక్టోబరులో భారతదేశపు జన్యుసంబంధ అనుమతుల సంఘము సమ్మతి తెలిపినను, హైదరాబాదుతో సహా 7 నగరములలో బహిరంగసభలు జరిగిన మీదట 2010 ఫిబ్రవరిలో కేంద్రప్రభుత్వము దానిని నిలిపివేసెను. బంగ్లాదేశమున 2014 నుండి అట్టి రకములు రైతులకు ఇవ్వబడినవి. సామాన్య రకములలో తక్కువ పుచ్చుగలదానిని ఎన్నుకొనుటయు, మిగిలిన బాధను తోటపనిచే తగ్గించుకొనుటయు ఉత్తమమార్గము.

ఎన్నుకొనుట యెట్లన్నచో, కొత్త రకమును తోటయంతయు వేయక, మొదట రెండు మూడు సాళ్లు మాత్రము పాత రకము ప్రక్కన నాటవలెను. ప్రతి కోతయందును ఆయా సాళ్ల కాయలను వేరువేరుగా పోసి, నూటికి ఎన్ని పుచ్చినవో లెక్కించి వ్రాసి యుంచవలెను. ఒక పంటకాల మిట్లు చేసిన రైతునకు తన నేలకు తగిన రకము ఏదో ఇతరులు చెప్పనవసరము లేదు.

5. వాతావరణము పురుగునకు గడియారము

పురుగు శరీరమునకు మనుష్యునివలె స్వంతమైన స్థిరవేడి లేదు. గాలి వేడెక్కిన దాని పెరుగుదల త్వరపడును, చల్లబడిన మందగించును. తొలుచు పురుగు గ్రుడ్డునుండి మరల రెక్కల పురుగగువరకు వెచ్చని దినములలో సుమారు 3 వారములు పట్టగా, చలికాలమున 6 వారములవరకు పట్టును. కావున ఒకే తోటలో వెచ్చని కాలమున నాలుగైదు తరములు గడచునంతలో, చలికాలమున రెండు మూడు మాత్రమే గడచును.

ఈ భేదము ఎంతటిదో లెక్క వలన తెలియును. ఒక ఆడురెక్కల పురుగు 80 మొదలు 250 గ్రుడ్లవరకు పెట్టును. ఉదాహరణమునకు 100 గ్రుడ్లనియు, అందు 10 మాత్రమే బ్రదికి రెక్కల పురుగులగుననియు, వాటిలో సగము ఆడవనియు అనుకొందము. మొదటి తరమున 5 ఆడుపురుగులు, రెండవ తరమున 25, మూడవ తరమున 125 అగును. వెచ్చని కాలమున ఇది రెండు రెండున్నర నెలల పని. నాటిన నెలకు తోటలో ఒక్క వ్రాలిన మొవ్వును చూచి, ఒకటే గదాయని విడిచిన రైతు కోతలు సాగుచున్న వేళకు వంద తల్లిపురుగులను పెంచుకొన్న వాడగుచున్నాడు. ఆ దినము ఆ మొవ్వును గిల్లివేసిన యెడల ఆ వందయు పుట్టవు. ఈ లెక్కను ప్రతి రైతును మనస్సునందుంచుకొనవలెను.

6. ఏ కార్తెలలో ఏ పురుగు

వానాకాలపు వంగ మృగశిర, ఆరుద్ర కార్తెలలో నాటబడును. పుష్యమి, ఆశ్లేష కార్తెలలో మబ్బు, తేమ, మోస్తరు వేడి యుండును. ఇది తొలుచు పురుగునకు మిక్కిలి అనుకూలమైన కాలము. తేమవలన గ్రుడ్లు ఎండిపోవు; మొవ్వులు లేతగా పెరుగుచుండును. కావున మఖ మొదలు చిత్తవరకు, అనగా ఆగస్టు నడుమనుండి అక్టోబరు నాలుగవ వారము వరకు కాయలలో పుచ్చు ఎక్కువ. అక్షింతల పురుగునకును ఈ తేమ దినములే ఇష్టము.

పచ్చదోమ వైఖరి వేరు. భారీవర్షము దాని పిల్లలను ఆకులనుండి కడిగివేయును. కాని వానలు వెనుదీసి పది పదునైదు దినములు ఎండ కాసి ఉక్కపోసినచో అది త్వరితముగా పెరుగును. వానాకాలపు నడుమ వచ్చు ఈ బెట్టదినములు పచ్చదోమకు పండుగ. వాన కురియుచున్నంతకాలము తోటను చూడక, బెట్టలోనైనను ఆకు తిరుగవేసి చూడని రైతు, ఆకులు ముడుచుకొన్న పిమ్మటనే సంగతి గ్రహించును.

స్వాతి, విశాఖ కార్తెల ప్రాంతమున నాటిన తోటకు చలికాలమున తొలుచు పురుగు బాధ సాధారణముగా తక్కువ. పురుగు పెరుగుట మందగించుటయే కారణము. అయితే ఈ కాలమున మబ్బుపట్టిన చల్లని దినములలో పేనుబంక చేరును. చలి తగ్గి, శివరాత్రి దాటి ఎండలు ముదురగానే తొలుచు పురుగు మరల వేగము పుంజుకొనును. కావున ఈ తోటనుండి ముందుకాపు ఎంత త్వరగా లభించిన అంత మేలు. ఆలస్యముగా నాటినచో కాపు ఎండలలోనికి జరిగి లాభము తగ్గును.

ఫిబ్రవరి, మార్చి నెలలలో నాటిన వేసవితోటకు పొడిగాలి, తీవ్రమైన ఎండ తగులును. ఇది తెల్లదోమకును ఎర్రనల్లికిని అనుకూలము. ఎర్రనల్లి ఆకు అడుగున సన్నని గూడు అల్లి, ఆకుపై తెల్లని చుక్కలు పుట్టించి, కడకు ఆకును ఎండజేయును. వేసవిలో తొలుచు పురుగు పూర్తిగా పోవునని తలపరాదు. నీరు పారుచున్న తోటలో నీడయు తేమయు నుండుటచే అది అచ్చటనే నిలిచి, తొలకరితో ప్రక్కతోటలకు వ్యాపించును.

ఇవి సామాన్యలక్షణములు. కార్తె వచ్చినంతనే పురుగు వచ్చి తీరునని కాదు. వర్షము ముందు వెనుకలైన సంవత్సరమున పురుగుల రాకయు ముందు వెనుక లగును. పంచాంగమునకంటె ఆకాశమును, ఆకాశమునకంటె ఆకును చూచుట ముఖ్యము.

7. మొక్కయు వాతావరణమును కలిసినప్పుడు

ఈ రెండు కారణములు విడివిడిగా పనిచేయవు. నున్నని ఆకుగల రకము వర్షములు బాగుగా కురిసిన సంవత్సరమున బాధ లేక పండవచ్చును. బెట్టవచ్చిన సంవత్సరము అదే రకము పచ్చదోమవలన మాడిపోవును. గుండ్రని పెద్దకాయ రకము చలికాలమున మంచి లాభము నీయవచ్చును. వానాకాలమున అదే రకము పుచ్చులకు నిలయమగును. ఒక సంవత్సరము చూచి రకము మంచిదనియో చెడ్డదనియో నిర్ణయింపరాదనుటకు ఇదియే కారణము.

కావున వానాకాలమునకు సన్నని పొడవుకాయ, బిగువు ముచ్చిక, గట్టికొమ్మ గల రకములను. అంగడిలో మంచి వెల పలుకు మెత్తని గుండ్రని రకములను చలికాలపు తోటకును ఉంచుకొనుట యుక్తము. గుత్తివంకాయ కూరకై లేతకాయలను కోరు అంగళ్లు దగ్గరనున్నవారు కాయను ముదురనీయక వెంటవెంట కోయుట వలనను లాభము కలదు. కాయ చెట్టుపై ఎంతకాలముండిన, పురుగునకు అంత అవకాశము.

8. తోటలో చేయవలసిన పనులు

నారుమడి దినములనుండియే జాగ్రత్త వహింపవలెను. పాత వంగతోట ప్రక్కన నారు పోయరాదు. వంగ తరువాత అదే చేనిలో వంగ గాని, ఆలుగడ్డ గాని వేయక, జొన్న, మొక్కజొన్న, పప్పుధాన్యములు మొదలగువానితో మార్చవలెను.

నాటిన మూడవ వారమునుండి వారమునకు రెండుసార్లు తోటలో నడచి, వాడి వ్రాలిన ప్రతి మొవ్వును వాడినచోటికి ఒక అంగుళము క్రిందికి గిల్లివేయవలెను. గిల్లినవానిని గట్టుమీద పారవేయరాదు. లోనున్న పురుగు బయటికి ప్రాకి మన్నులో గూడు కట్టుకొనును. వానిని కాల్చివేయవలెను, లేదా లోతుగా పూడ్చవలెను. పుచ్చుకాయలను సంతలో ఏరి పారవేయుటకంటె కోతనాడే తోటలో వేరుచేసి నాశనము చేయుట మేలు. ఒక పురుగు తన జీవితములో నాలుగైదు కాయలనైన చెరుపగలదు.

కాపు ముగిసిన తోటను అట్లే నిలిపి, పిమ్మట పీకి, కట్టెలను వంటచెరకుగా గట్టుమీద పేర్చుట మన గ్రామములలో వాడుక. ఆ కట్టెలలోను, రాలిన ఆకులలోను, పైమన్నులోను పట్టుగూళ్లలో నిద్రించు పురుగులు రెక్కలువచ్చి కొత్తతోటను చేరును. కాపు ముగిసిన వెంటనే మొక్కలను వేళ్లతో పీకి కాల్చి, నేలను లోతుగా దున్ని ఎండకు తెరువవలెను. పాతకట్టెల కుప్ప యున్నంతకాలము కొత్తతోటకు శాంతి లేదు.

మగ రెక్కల పురుగులను ఆకర్షించు లింగాకర్షక బుట్టలు ఇప్పుడు సులభముగా లభించుచున్నవి. ఆడుపురుగు వాసనలోని ముఖ్యద్రవ్యమును శాస్త్రజ్ఞులు 1987లో కనుగొనినందున ఇవి సాధ్యమైనవి. ఎకరమునకు 10 బుట్టలవరకు, మొక్కల ఎత్తునకు సరిపోవునట్లు అమర్చి, ఎరను చెప్పిన గడువులో మార్చవలెను. బుట్టలో పడు పురుగుల సంఖ్య పెరిగినచో కొద్దిదినములలో గ్రుడ్లును పెరుగునని తెలిసికొని జాగ్రత్తపడవలెను.

వేపపిండిని ఎకరమునకు 100 కిలోల చొప్పున నేలలో కలుపుట మేలు. 5 కిలోల వేపగింజల పప్పును దంచి రాత్రి నీటిలో నానబెట్టి, వడగట్టి, కొంచెము సబ్బుకలిపి, 100 లీటర్ల ద్రావణముగా చేసి సాయంకాలమున ఆకుల అడుగుభాగము తడియునట్లు చల్లినచో పచ్చదోమ, తెల్లదోమ పిల్లలు తగ్గును. రెక్కల పురుగు గ్రుడ్లు పెట్టుటకును జంకును. అక్షింతల పురుగు పసుపుపచ్చని గ్రుడ్లు ఆకు అడుగున గుంపుగా నిలువుగా నుండును. వానిని, ముండ్లవంటి రోమములుగల పిల్లలను ఏరివేయుట తేలిక. పేనుబంకను తినెడి మిత్ర అక్షింతల పురుగు నిగనిగలాడుచుండును. వంగ ఆకు తినునది కొంచెము మసకగా, నూగుతో, ఎక్కువ చుక్కలతో నుండును. ఈ భేదము తెలియక మిత్రుని చంపరాదు.

వెర్రి తెగులు సోకిన మొక్కను కనబడినవెంటనే పీకి కాల్చవలెను. దానికి మందు వెదకుట వృథా.

9. మందుల విషయమున హెచ్చరిక

పురుగు కాయలో దూరిన పిమ్మట పైన చల్లిన విషము దానికి తగులదు. చేతులు కాలిన పిమ్మట ఆకులు పట్టుకొన్నట్లే యగును. అయినను కాయలో పుచ్చు చూచి కలతచెంది వారమునకు రెండు మూడు పర్యాయములు మందు కొట్టు రైతులు కలరు. అట్లు చేయుటవలన మూడు నష్టములు. మొదటిది ఖర్చు. రెండవది, తొలుచు పురుగు శరీరములో గ్రుడ్లుపెట్టి దానిని చంపెడి కందిరీగ జాతి చిన్నయీగలును, సాలీళ్లును, ఇతర మిత్రపురుగులును నశించి, తెల్లదోమ, ఎర్రనల్లి విజృంభించును. మూడవది అన్నిటికంటె ఘోరమైనది: నేడు మందు చల్లి రేపు కోసిన కాయ ఎవరి యింటిలోనో పిల్లల కంచములోనికి పోవును. మందుకొట్టు రైతు ఆరోగ్యమునకును అది చేటు.

మందు తప్పనిసరియైనచో, వ్యవసాయాధికారిని విచారించి, వంగకు అనుమతింపబడినదానినే, డబ్బాపై చెప్పిన మోతాదులోనే వాడవలెను. ముందుగా కోతకు వచ్చిన కాయలను కోసి, పిమ్మట చల్లి, డబ్బాపై వ్రాసిన గడువు దాటువరకు కాయ కోయరాదు. వాన వచ్చు సూచనయున్న దినమున చల్లరాదు; మందు కొట్టుకొనిపోయి డబ్బు నీటిపాలగును.

10. ఇరుగుపొరుగు సహకారము

ఒక రైతు ఎంత శ్రద్ధ వహించినను, ప్రక్క తోటలో వ్రాలిన మొవ్వులు నిలిచియున్నచో అచ్చటి రెక్కల పురుగు రాత్రికి రాత్రి ఇచ్చటికి వచ్చును. దానికి గట్టు అడ్డుకాదు. ఒక చెరువుక్రిందనో, ఒక వాగు ఒడ్డుననో వంగ వేయు రైతులందరు ఒకే కాలమున నాటి, ఒకే వారమున మొవ్వులు గిల్లుట ప్రారంభించి, కాపు ముగిసిన పిమ్మట కట్టెలను ఒకేసారి కాల్చిన యెడల పురుగు వంశమునకు నడుమ ఆశ్రయము దొరకదు. ఇందుకు ఖర్చు లేదు. ఒప్పందము మాత్రము కావలెను.

సారాంశము

రైతులు జ్ఞాపకముంచుకొనవలసిన విషయములు ఇవి:

(1) పచ్చదోమ హెచ్చైన చోట నూగుగల రకము. తెల్లదోమ హెచ్చైన చోట అతినూగు లేని రకము.
(2) వానాకాలమునకు సన్నకాయ, బిగువు ముచ్చిక, గట్టికొమ్మ. మెత్తని గుండ్రకాయ చలికాలమునకు.
(3) నత్రజని మితముగా, దఫాలుగా.
(4) తేమ దినములలో మొవ్వును, బెట్ట దినములలో ఆకు అడుగును, మబ్బు చలిలో పేనుబంకను, వేసవిలో నల్లిని చూడవలెను.
(5) వ్రాలిన మొదటి మొవ్వును ఆనాడే గిల్లి కాల్చవలెను.
(6) పాత వంగకట్టెను తోట దరిదాపులలో నుంచరాదు.
(7) మందు చల్లిన పిమ్మట గడువు దాటక కాయ కోయరాదు.

వాన ఎప్పుడు కురియునో, ఎండ ఎంత కాయునో నిర్ణయించు శక్తి రైతునకు లేదు. ఏ విత్తనము నాటవలెనో, ఏ దినమున తోటలోనికి పోయి ఏ ఆకు తిరుగవేసి చూడవలెనో నిర్ణయించు శక్తి గలదు. ఆ శక్తిని వినియోగించుకొన్న రైతునకు వంగతోట నష్టము నీయదు.